కాగితం లేని కౌలు కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. సొంత పొలం లేదు. ఆరు ఎకరాలు కౌలుకు తీసుకుని తేజ మిర్చి వేస్తున్నాను. కౌలు కాకుండా ఎకరానికి లక్షా 80 వేల దాకా ఖర్చవుతోంది. ఈసారి ఎకరానికి 18 క్వింటాళ్లు వచ్చాయి. ధర నచ్చక 80 క్వింటాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. ఇప్పుడు క్వింటా 12 వేలకు అడుగుతున్నారు. కమిషన్ ఏజెంటు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు, బ్యాంకులో బంగారంపై 9 శాతం వడ్డీకి 3 లక్షలు అప్పు ఉంది. అమెరికాలో ఉంటున్న ఒక ఆసామి పొలం మరో ఆరు ఎకరాలు, ఎకరానికి 45 వేల చొప్పున మొత్తం ముందే కడితే ఇస్తామని ఆయన బావమరిది అంటున్నాడు. సంతకాలు మాత్రం కుదరవన్నాడు. ఇప్పుడు చేస్తున్న పొలానికీ నోటి మాటే, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో యజమాని పేరే ఉంది. నా భార్య దగ్గర మిగిలిన బంగారం తాకట్టు పెట్టి ఆ పొలం తీసుకోవచ్చా? నిల్వ ఉన్న కాయలు అమ్మాలా, ఆగాలా?

సమాధానం: ఆ ఆరు ఎకరాలు ఈ షరతుల మీద తీసుకోవద్దు. నిల్వ ఉన్న కాయల్లో సగం వెంటనే అమ్మి, రెండు రూపాయల వడ్డీ అప్పును పూర్తిగా తీర్చివేయండి. మీరు వీటిని రెండు వేర్వేరు ప్రశ్నలుగా అడిగారు కానీ రెండింటినీ కలిపే చూడాలి, ఎందుకంటే కాయలు ఆపడానికి అయ్యే ఖర్చూ, కొత్త పొలానికి తేవలసిన పెట్టుబడీ ఒకే అప్పు మీద నిలబడి ఉన్నాయి.

ముందుగా కాయల సంగతి చూద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీ 4 లక్షలకు నెలకు 8 వేలు అవుతుంది. ఆ 8 వేలను నిల్వ ఉన్న 80 క్వింటాళ్లకు పంచితే క్వింటాకు నెలకు 100 రూపాయలు పడుతుంది. అంటే మీరు ఆరు నెలలు ఆగితే వడ్డీ కిందనే క్వింటాకు 600 రూపాయలు పోతాయి. దానికి కోల్డ్ స్టోరేజీ అద్దె, హమాలీ, తూకంలో వచ్చే తరుగు కలుస్తాయి. ధర 12 వేల నుంచి 12,600 చేరినా మీకు మిగిలేది ఏమీ లేదు, అద్దె మేరకు నష్టమే. ధర పెరుగుతుందో లేదో చెప్పే శక్తి నాకు లేదు, మీకు ఆశ చెబుతున్న వ్యాపారికీ లేదు. నెలనెలా పడే వడ్డీ మాత్రం ఖాయం.

40 క్వింటాళ్లు అమ్మితే 4 లక్షల 80 వేలు వస్తాయి. అసలు 4 లక్షలు కట్టి, మిగిలిన 80 వేలలో నుంచి బకాయి వడ్డీ, స్టోరేజీ అద్దె, కమిషన్ తీర్చండి. మిగతా 40 క్వింటాళ్లను ఆపదలచుకుంటే అప్పుడు ఆపండి. వాటి మీద నెలకు 8 వేల వడ్డీ భారం ఉండదు గనుక ధర కోసం ఎదురుచూడటం మీకు అందుబాటులో ఉంటుంది. అమ్మేముందు ఒక్క విషయం చూసుకోండి. కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన బాండు ఎవరి పేర ఉంది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? అప్పు ఇచ్చిన ఏజెంటు పేర బాండు రాయించి ఉంటే, కాయలు మీవైనా అమ్మే నిర్ణయం ఆయన చేతిలోకి పోయినట్టే. అలా ఉంటే అప్పు తీర్చే రోజే మిగిలిన బస్తాలకు మీ పేర బాండు మార్పించుకోండి. ఆ స్టోరేజీ కేంద్ర గోదాముల అభివృద్ధి, నియంత్రణ సంస్థ దగ్గర నమోదై ఉంటే ఎలక్ట్రానిక్ రసీదు తీసుకుని దానిపై బ్యాంకులో రుణం కూడా అడగవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఇటువంటి రుణంపై ఆరు నెలల వరకు వడ్డీ రాయితీ వర్తిస్తుంది.

ఇక కొత్త ఆరు ఎకరాలు. మీరు రాసిన అంకెలనే తీసుకుందాం. కౌలు 2 లక్షల 70 వేలు, సాగు ఖర్చు 10 లక్షల 80 వేలు, మొత్తం 13 లక్షల 50 వేలు. ఎకరానికి 18 క్వింటాళ్ల చొప్పున 108 క్వింటాళ్లు వస్తాయనుకుంటే, వడ్డీ కలపకముందే క్వింటాకు 12,500 రూపాయలు వస్తే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. ఈ రోజు మీకు పలుకుతున్న ధర 12 వేలు. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు, అది కూడా 2 లక్షల 54 వేల టన్నుల పరిమితికి లోబడి. అటువంటి సాయం మళ్లీ వచ్చినా, ఆ ధర మీ ఖర్చును పూడ్చదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఎలా ఊడ్చిందో మీ ప్రాంత రైతుకు నేను గుర్తు చేయనక్కరలేదు. 18 క్వింటాళ్లు 12కి పడిపోతే గిట్టుబాటు ధర 18,750కి చేరుతుంది. పైగా మిగిలిన బంగారం మీద వచ్చే రుణం ఇంత పెట్టుబడికి సరిపోతుందని నాకు అనిపించడం లేదు. మిగతాది మళ్లీ రెండు రూపాయల వడ్డీకే తెస్తారు.

ధర, పురుగు అందరు మిర్చి రైతులకూ ఉన్న ప్రమాదాలు. మీకు అదనంగా ఉన్నది కాగితం లేకపోవడం. నా దృష్టిలో మీ ఇంటి ఆర్థిక స్థితికి అన్నిటికన్నా పెద్ద ముప్పు అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం యజమాని, కౌలుదారు గరిష్ఠంగా 11 నెలలకు ఒప్పందం రాసుకుని సాగుదారు హక్కు పత్రం పొందవచ్చు. ఆ పత్రం పంట మీద మాత్రమే హక్కు ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. పంట రుణం, పంటల బీమా, నష్టపరిహారం, పంట అమ్మకం అన్నింటికీ అదే ఆధారం. దానికి యజమాని సంతకం తప్పనిసరి కావడమే ఈ చట్టంలోని పెద్ద చిక్కు, కౌలు రైతులు మొదటి నుంచీ చెబుతున్న బాధ కూడా అదే. ఈ విషయంలో చట్టం మీ వంటి వారికి అన్యాయం చేస్తున్నదనే నా అభిప్రాయం. అయినా దాన్ని మార్చేదాకా మనం దాని లోపలే దారి వెతుక్కోవాలి.

యజమానులు సంతకానికి ఎందుకు జంకుతారో తెలిస్తే వారితో మాట్లాడటం తేలికవుతుంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుకు బలమైన రక్షణలు ఇచ్చింది. కాగితం మీద పేరు పడితే పొలం చేజారుతుందన్న భయం ఆ కాలం నుంచే ఇళ్లలో నాటుకుపోయింది. ఇప్పుడు చేస్తున్న పొలం యజమాని ఊళ్లోనే ఉంటే, ఆయన్ను రైతు సేవా కేంద్రానికి తీసుకువెళ్లి, ఈ పత్రం భూమి హక్కును తాకదన్న మాట వ్యవసాయ సహాయకుడి నోటనో, వీఆర్వో నోటనో చెప్పించండి. రెండో భయం ఆదాయపు పన్ను. వ్యవసాయం చేసే భూమి మీద వచ్చే కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను మినహాయింపు ఉంది. పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6 వేలు ఎలాగూ భూమి ఉన్నవారికే చెందుతాయి, మీరు పత్రం తీసుకున్నంత మాత్రాన ఆయనకు ఆ డబ్బు ఆగదు.

ఒప్పందంలో తేదీలు జాగ్రత్తగా వేయించండి. చాలామంది ఉగాది నుంచి లెక్కపెట్టి రాయించుకుంటారు. మార్చి ఆఖరులో మొదలైన 11 నెలలు ఫిబ్రవరితో ముగుస్తాయి, అప్పటికి మీ తోటలో ఇంకా కోతలు మిగిలి ఉంటాయి. జూన్ 1 నుంచి రాయించుకుంటే ఏప్రిల్ 30 వరకు గడువు ఉంటుంది, ఆఖరి కోత కూడా అందులోనే వస్తుంది. ఈ-క్రాప్ నమోదు సాగుదారుగా మీ పేరున జరగాలి. పంట పోయినప్పుడు పరిహారం ఆ నమోదును బట్టే వస్తుంది గనుక, సిబ్బంది పొలానికి వచ్చిన రోజున మీరు దగ్గరుండి మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోండి.

అమెరికా ఆసామి పొలం విషయంలో మరో మెలిక ఉంది. బావమరిదికి ఆ భూమిని కౌలుకు ఇచ్చే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? పవర్ ఆఫ్ అటార్నీ లేకపోతే ఆయన చేతికి మీరిచ్చే 2 లక్షల 70 వేలకు చట్టం ముందు ఏ విలువా ఉండకపోవచ్చు. నాట్లు వేసిన తరువాత యజమాని పొలం అమ్మితేనో, అన్నదమ్ముల మధ్య తగాదా వస్తేనో మీరు ఎవరిని అడుగుతారు? విదేశంలో ఉన్నవారు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించవచ్చు. అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలి. ఏటా లక్షల్లో కౌలు తీసుకునే కుటుంబానికి ఇది పెద్ద పనేమీ కాదు. ఆ మాత్రం చేయడానికి ఇష్టపడని వారికి మీ ఇంటి బంగారం ముందుగా అప్పగించవలసిన అవసరం మీకు లేదు.

హక్కు పత్రం చేతికి వచ్చిన వెంటనే బ్యాంకుకు వెళ్లండి. కిసాన్ క్రెడిట్ కార్డుకు కౌలు రైతులు అర్హులే. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మీరు ఇప్పుడు 4 లక్షలకు ఏడాదికి 96 వేలు వడ్డీ కడుతున్నారు. 3 లక్షల పంట రుణానికి, గడువు తప్పకపోతే, 12 వేలు అవుతుంది. అయితే అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మీకు ఇవ్వడానికి వెనకాడుతుంది. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోండి. ఒంటరిగా వెళితే పని కాకపోతే, నలుగురి నుంచి పదిమంది దాకా సాగుదారులు కలిసి ఉమ్మడి పూచీతో ఏర్పడే జేఎల్‌జీ ద్వారా ప్రయత్నించండి. పక్కవాడి బాకీకి కూడా మీరు పూచీ పడుతున్నారు గనుక సభ్యులను మాత్రం చూసి ఎంచుకోండి.

ఏజెంటుకు అప్పు తీర్చే రోజున ఆయనకిచ్చిన ప్రామిసరీ నోటు, చెక్కులు వెనక్కి తీసుకోండి, పూర్తి చెల్లింపు రసీదు రాయించుకోండి, డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. సంతకం చేసిన ఖాళీ నోటు, ఖాళీ చెక్కు ఎవరి చేతిలోనూ ఉండకూడదు. చెక్కు బౌన్సు కేసులో రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడే అవకాశం ఉంది. తీరిన అప్పుకు కూడా కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

విత్తనాలు కొన్నప్పుడు తీసుకునే బిల్లు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మొలక సరిగా రాకపోయినా, కాయ రకం మారినా అదే మీ ఆయుధం. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, 1966 నాటి విత్తన చట్టం ఉన్నా పరిహారం కోసం వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని తేల్చి చెప్పింది. ఆ కేసు వేసింది మన రైతులే. మీ పేర లాట్ నంబరుతో బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా బిల్లుతో కలిపి ఒక కవరులో దాచండి. తోటలో తేడా కనిపించిన వెంటనే వ్యవసాయ, ఉద్యాన అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పొలం చూసి నివేదిక ఇమ్మని అడగండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు విలువ ఉన్న కేసుకు దాఖలు రుసుము లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

బీమా గురించి రెండు మాటలు. వాణిజ్య, ఉద్యాన పంటలకు కేంద్ర పథకాల కింద రైతు వాటా బీమా మొత్తంలో 5 శాతానికి మించదు. హక్కు పత్రం వచ్చాక గడువు తేదీ చూసుకుని కట్టండి. కోల్డ్ స్టోరేజీలో అగ్నిప్రమాదం జరిగితే మీ కాయలకు బీమా ఎంత ధరకు ఉందో అడిగి రాయించుకోండి. మీ మీద ఇప్పుడు 7 లక్షల అప్పు ఉంది, మీకేదైనా అయితే అది ఇంటివారి మీద పడుతుంది. ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి పథకాలు మీ బ్యాంకు ఖాతా నుంచే తీసుకోవచ్చు. మీ వయసు 50 లోపు ఉంటే రెండూ ఈ వారమే తీసుకోండి.

బంగారం విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. మీ భార్యకు పుట్టింటివారు, అత్తింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, చట్టప్రకారం ఆమె సొంత ఆస్తి. తాకట్టు నిర్ణయం ఆమె చేయవలసింది. ఈ లెక్కలన్నీ ఆమె ముందు పెట్టండి. వచ్చే జూన్ లోపు ఇప్పుడున్న ఆరు ఎకరాలకు హక్కు పత్రం, పంట రుణం రెండూ కుదిరి, ఏజెంటు అప్పు పూర్తిగా తీరితే, అప్పుడు అమెరికా ఆసామి పొలంలో రెండు ఎకరాలకు మాత్రం, పవర్ ఆఫ్ అటార్నీ చూపించి ఒప్పందం మీద సంతకం చేసే షరతుతో, కౌలు సగం ముందు, సగం జనవరిలో మొదటి కోత తరువాత ఇచ్చేటట్టు మాట్లాడి చూడవచ్చు. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి ఉన్న ఆరు ఎకరాలతోనే ఉండండి.