గ్రీకు కప్పుల ఆకారంలో చెక్క కప్పులు చేస్తుంటే కాడ ఎందుకు విరిగిపోతోంది?

పాత గ్రీకు కప్పులు చూసి లేత్ మీద మూడు చేశాను, మూడూ కాడ దగ్గరే విరిగాయి, ఇంకా గట్టి కర్ర వాడాలా అని అడిగారు. లోపం కర్రలో లేదండి. అందులో నార, అంటే కర్ర పీచుల వరుస, ఎటు నడుస్తోందో చూడండి.

నాకూ అచ్చం ఇలాగే జరిగింది. కైలిక్స్ అంటే నాకు చాలా ఇష్టం. లోతు తక్కువ ఉన్న వెడల్పాటి గిన్నె, కింద పొట్టి కాడ, దాని కింద గుండ్రటి పీట. మ్యూనిక్ మ్యూజియంలో ఏథెన్స్ కుమ్మరి ఎక్సెకియాస్ చేసిన కైలిక్స్ ఒకటుంది, క్రీ.పూ. 530 ప్రాంతానిది. దాని ఫొటో ఎదురుగా పెట్టుకుని, 22 సెం.మీ. మేపుల్ దిమ్మను లేత్‌తో పాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే ఫేస్‌ప్లేట్‌కి బిగించి మొదలుపెట్టాను. గిన్నె ముద్దుగా వచ్చింది. కాడను 18 మి.మీ. దాకా సన్నం చేశాను. ఆఖర్న ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటే టక్‌మంది, గిన్నె ఊడి చేతిలోకి వచ్చింది. విరిగిన చోట ఒక్క పీచు కూడా లేచి లేదు. సుద్దముక్క విరిచినట్టు తెగిపోయింది.

వెడల్పు గిన్నె కోసం దిమ్మను అడ్డంగా బిగిస్తాం కదా, నార గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుకు పడుకుని ఉంటుంది. అదే దిమ్మలో కాడ కూడా తీస్తే, కాడలో నార నిలువుగా ఉండదు, అడ్డంగా 18 మి.మీ. తుంపులుగా మిగులుతుంది. ఎంత గట్టి కర్రయినా బలమంతా నార పొడవునే ఉంటుంది. మట్టికి నార లేదు, వెండికీ లేదు. ఆ ఆకారాలు పుట్టింది వాటిలో.

అందుకని ఇప్పుడు రెండు ముక్కలుగా చేస్తున్నాను. గిన్నె అడ్డం నారలో, కాడా పీటా కలిపి నిలువు నారలో. కాడ పైకొసన 12 మి.మీ. మందం, 10 మి.మీ. పొడవు ఉండే కుసి వదిలి, గిన్నె అడుగున దానికి సరిపడా రంధ్రం వేసి జిగురుతో దింపుతాను. రంధ్రం లోపలికి తేలకుండా గిన్నె అడుగు 16 మి.మీ. దాకా మందంగా ఉంచాలి. ఇది మోసం చేయడమేమో అని మొదట్లో మనసుకు పట్టలేదు. తర్వాత తెలిసింది, ఏథెన్స్ కుమ్మరులు కూడా కైలిక్స్ గిన్నెను, కాడను సారె మీద విడివిడిగా తీసి, తర్వాతే అతికేవారట! అప్పటి నుంచి ఆ బాధ లేదు. పక్క పిడులు మాత్రం లేత్ మీద రావు. నేను వాటిని వదిలేస్తాను, పిడి లేకపోయినా ఆ అంచు వంపు చాలు.

ఎత్తుగా, సన్నగా ఉండే గోబ్లెట్ అయితే ఒకే ముక్కలో చేయొచ్చు, నార నిలువుగా ఉంటుంది కాబట్టి. అక్కడ వరుసే ముఖ్యం. దిమ్మ ఇంకా లావుగా ఉన్నప్పుడే లోపల తొలిచేయండి. తర్వాత కప్పు బయటి వైపు, దానికి నునుపు కూడా అప్పుడే. కాడ ఆఖరున. అదీ కప్పు దగ్గర మొదలుపెట్టి పీట వైపు రెండేసి సెంటీమీటర్లు పూర్తి చేస్తూ రావాలి. ఒకసారి సన్నబడిన చోటికి మళ్లీ ఉలి పట్టుకెళ్లకండి, కాడ వణుకుతుంది, ఉలి పట్టేస్తుంది. కప్పు నోట్లో మెత్తని గుడ్డ ఉండ పెట్టి, లేత్ అవతలి కొసన ఆనింపుగా ఉండే టెయిల్‌స్టాక్ తేలికగా ఆనిస్తే వణుకు చాలా తగ్గుతుంది. ముఖానికి షీల్డ్ తప్పనిసరి.

ఇంకొకటి. ఇలాంటి గోబ్లెట్‌లో కప్పు అడుగున నార కొసలు తెరుచుకుని ఉంటాయి, పోసిన ద్రవం వాటి గుండా కాడలోకి ఇంకుతుంది. లోపల టంగ్ ఆయిల్ (కర్రకు పట్టించే, ఆరి గట్టిపడే గింజల నూనె) నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనిచ్చి వేయండి. తాగాక వెంటనే కడిగి తుడవాలి.

పాత వాటిలో చెక్కతోనే పుట్టిన నమూనాలు కావాలంటే ఇంగ్లండ్‌లోని సట్టన్ హూ చూడండి. 1939లో తవ్వితే బయటపడిన 7వ శతాబ్దపు ఓడ సమాధి అది. అక్కడి చెక్క పాత్రల నోటికి బంగారు పూత పూసిన వెండి పట్టీలున్నాయి. సన్నటి చెక్క అంచు పగలకుండా కాయడానికి అంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

మీ మూడు గిన్నెలూ బాగానే ఉంటే పారేయకండి. విరిగిన మొదలును చదును చేయండి, అడుగున మందం ఉంటే రంధ్రం వేసి, నిలువు నార కాడ కొత్తది దింపండి.