మంత్రసాని మనవరాలు మిడ్‌వైఫ్ అవుతానంటే

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. పాప సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది), సైన్స్. నర్సింగ్ చదివి మిడ్‌వైఫ్ అవుతానంటోంది. మా అత్తగారు ఊళ్లో మంత్రసానిగా చేసేవారు. "ఇంత ఖర్చుపెట్టి చదివించేది మళ్లీ మంత్రసానిని చేయడానికా?" అని మా వారికి కోపం. ఒక ఏజెంటేమో సీటు ఇప్పిస్తా, అడ్వాన్సు కట్టండని రోజూ ఫోన్లు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ వారి మాటే తీసుకుంటాను. తన తల్లి చేతుల మీదుగా ఊళ్లో ఎంతమంది పుట్టారో ఆయన ఒకసారి లెక్కపెట్టుకుంటే కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం, అప్పటికీ ఇప్పటికీ తేడా తెలిస్తే తగ్గుతుంది. మీ అత్తగారికి చేతి నేర్పు ఉంది, ధైర్యం ఉంది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇవ్వడానికి ఇంజెక్షన్ లేదు, పిలిస్తే పలికే డాక్టరు లేడు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అన్న సామెత ఊరికే పుట్టలేదు. మీ పాప చేతికి ఆ ఇంజెక్షనూ వస్తుంది, ఎప్పుడు డాక్టర్ని పిలవాలో తేల్చే చదువూ వస్తుంది.

ఈ పని ఎలా ఉంటుందో నేను దగ్గర్నుంచి చూశాను. మా చెల్లెలి తొలి కాన్పుకి లేబర్ రూమ్‌లో తోడుగా ఉన్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ కుడి చేయి చెల్లెలి పొట్ట మీద, చూపు ఎడమ చేతి గడియారం మీద. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉంటోంది అని లెక్క. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినేది. నిమిషానికి 110కీ 160కీ మధ్య ఉందా లేదా అని. విన్నదంతా పార్టోగ్రాఫ్ అనే కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపేది. ఆ గీత వాలు తప్పితే కాన్పు ముందుకు సాగడం లేదని అర్థం, అప్పుడు డాక్టరుకి కబురు. మధ్యమధ్యలో చెల్లెల్ని లేపి నడిపించింది, మజ్జిగ తాగించింది, నడుం కింది భాగాన అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. పక్క మంచం మీది కన్నడ అమ్మాయికి "ఉసిరు తగొళ్ళి, ఇన్నొందు సల" అని చెబుతూ, మళ్లీ ఇటు తిరిగి తెలుగులో "ఊపిరి తీసుకో తల్లీ" అనేది. బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది, బొడ్డుతాడు వెంటనే కోయలేదు. మాయ పూర్తిగా వచ్చిందా అని దాన్ని పరిచి, ముక్క ఎక్కడైనా లోపల ఉండిపోయిందేమోనని వెలుతురులో చూసింది. చదువుకున్న మంత్రసాని అంటే ఎవరో నాకు ఆ రాత్రి తెలిసింది.

ఈ పనికి రేపు గిరాకీ ఉంటుందా అంటే, ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4, తమిళనాడులో 44.9, కర్ణాటకలో 31.5. అవసరమైన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ మామూలు కాన్పు కోసం గంటల తరబడి పక్కన కూర్చునే మనిషి లేక కోతకు వెళ్లినవీ ఇందులో ఉన్నాయని నా నమ్మకం. అందుకే కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి అంతకు ముందే, 2011లో, మిడ్‌వైఫ్‌లకు సొంతంగా శిక్షణ మొదలుపెట్టింది. మన దక్షిణాదికి ఇది కొత్త కూడా కాదు. మద్రాసులో మంత్రసానుల శిక్షణ బడికి ప్రభుత్వం 1854లోనే అనుమతిచ్చింది.

ఇక దారి. పీయూసీ తర్వాత నేరుగా మిడ్‌వైఫ్ డిగ్రీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మన దగ్గర నర్సింగ్ గుండానే వెళ్లాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నర్సుగానూ, మిడ్‌వైఫ్‌గానూ ఉంటుంది. ఆ తర్వాత లేబర్ రూమ్ అనుభవం ఉన్న నర్సులకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల కోర్సు ఉంది. ప్రస్తుతం ఎక్కువగా ప్రభుత్వ సర్వీసులో ఉన్న నర్సులనే దానికి పంపుతున్నారు, కాబట్టి పాప ముందుగా ప్రభుత్వ ఉద్యోగం మీద గురిపెట్టడం మంచిది. పాఠాలు చెప్పాలనుంటే ప్రసూతి నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. పాపకి పీసీబీ మార్కులు బాగుంటే బీఎస్సీకే నా ఓటు. దూలా కోర్సులని ఈ ఊళ్లో కనబడతాయి. అది గర్భిణికి తోడుగా ఉండే పని, మంచిదే, కానీ పురుడు పోసే అర్హత కాదు. రెండూ కలిపేసి చెప్పేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

ఏజెంటు విషయం నాకు బాధ కలిగించేది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి, అనంతపురం వైపు పిల్ల, అలాగే ఏజెంటు చేర్పించిన కాలేజీలో నాలుగేళ్లు చదివింది. ఏసీ క్లాసురూములు, హాస్టలు, బస్సు అన్నీ ఉన్నాయి. కళ్లారా చూసిన కాన్పులు ఐదో ఆరో. రికార్డు పుస్తకంలో మాత్రం అన్నీ నిండి ఉన్నాయి, సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నొప్పులు పడుతున్న తల్లి చేయి పట్టుకుంటే తన చేయే వణికిందని ఏడ్చింది.

కాబట్టి కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగు చూసి రాకండి. పిల్లల్ని ప్రసూతి పోస్టింగుకి ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ నెలకి ఎన్ని కాన్పులు, ఒక్కో విద్యార్థిని స్వయంగా ఎన్ని చేస్తుంది అని అడగండి. సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉందని చెబుతారు. ఆ వందలో ప్రసూతి పడకలెన్నో అడగండి. వీలైతే ఆఖరి సంవత్సరం అమ్మాయిని క్యాంటీన్‌లో పలకరించి ఇదే ప్రశ్న వేయండి, నిజం అక్కడ తెలుస్తుంది. వాణీవిలాస్ లాంటి రద్దీ ఉన్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పోస్టింగు పడితే అదృష్టమే. కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే తల్లులంతా అక్కడికి వస్తారు. మీ పాపకి కన్నడ, తెలుగు రెండూ వచ్చు కదా, అది సర్టిఫికెట్‌లో కనబడని చదువు. రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం, కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదివా కావా అన్నది వాళ్ల వెబ్‌సైట్లలో మీరే చూసుకోండి. పాప చేత కర్ణాటక ప్రవేశ పరీక్ష కేఈఏ సీఈటీ తప్పకుండా రాయించండి.

జీతం సంగతి దాచను. ప్రైవేటులో మొదట్లో తక్కువే, రాత్రి డ్యూటీలు ఎక్కువే, నడుం నొప్పి తప్పదు. ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ అనే ఉద్యోగ పరీక్ష రాసి నర్సింగ్ ఆఫీసర్ అయితే మూలవేతనమే 44,900 రూపాయలతో మొదలు. విదేశాల మాట ఎత్తేవాళ్లుంటారు. బ్రిటన్‌లో నర్సుకీ మిడ్‌వైఫ్‌కీ వేర్వేరు రిజిస్ట్రేషన్, ఇక్కడి కాగితం చూపించి రెండూ అయిపోతాయనుకోవద్దు.

ఈ ఆదివారం మీ అత్తగారిని, పాపని ఒకచోట కూర్చోబెట్టండి. ఆవిడకి చేయి దాటిపోయిన కాన్పు ఒక్కటైనా గుర్తుండే ఉంటుంది. అది వినిపించమనండి, మీ వారిని కూడా పక్కనే ఉండమనండి. విన్నాక కూడా పాప ఇదే కావాలంటే చేర్పించండి. ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే, మీ కాలేజీ పిల్లలు ఒక్కొక్కరు ఎన్ని కాన్పులు చేస్తారని అడగండి. జవాబు అంకెలో రాకపోతే అడ్వాన్సు కట్టకండి.