ఏడు దివ్యసంస్కారాల పరీక్షకు పునశ్చరణ

టీచర్ గారూ, పిల్లలు కథోలిక క్రైస్తవుల ఏడు సంస్కారాల పేర్లు గడగడా చెప్పేసి, గుర్తేమిటి (నీళ్లు, తైలం లాంటివి), ఇచ్చేదెవరు అంటే తడబడుతున్నారన్నారు కదా. 21 చీటీలు రాయండి: 7 పేర్లు, 7 గుర్తులు, 7 ఇచ్చేవారు. ముగ్గురేసి జట్టుకు ఒక కట్ట కలిపేసి ఇచ్చి, 10 నిమిషాల్లో వరసలు పేర్చమనండి. ఎక్కువ తప్పులు తైలం దగ్గరే. భద్రమైన అభ్యంగనానికి (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) పరిమళం కలిపిన క్రిస్మా తైలం, నుదుటికి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి వేరే తైలం, నుదుటికీ చేతులకీ. అందుకే చీటీ మీద ఉత్త ‘నూనె’ అని రాయొద్దు. జ్ఞానవివాహం (చర్చిలో జరిగే పెళ్లి) పక్కన ‘గురువు’ (చర్చి ఫాదర్) చీటీ పెట్టేస్తారు. లాటిన్ రీతిలో (రోమన్ కథోలిక సంప్రదాయంలో) ఆ సంస్కారం ఇచ్చుకునేది వధూవరులే, గురువు తిరుసభ (కథోలిక సంఘం) తరఫు సాక్షి. ఆఖర్న, మళ్లీ పొందకూడని మూడింటిని విడిగా తీయించండి: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం (గురువుగా అభిషేకం). ఎందుకో కూడా అడగండి. ఆత్మ మీద చెరగని ముద్ర పడుతుందని వాళ్ల నోటే రావాలి.