పండుగలకు విద్యుత్ సహకార సంఘం పంచే సాయం ఎవరి డబ్బు?

అమెరికాలో ఒక గ్రామీణ కౌంటీకి ఇల్లు మారిన తరువాత, అక్కడ కరెంటు ఇచ్చేది కంపెనీ కాదని, వాడకందారులే యజమానులైన సహకార సంఘమని తెలిసిందని మీరు రాశారు. డిసెంబరు బిల్లుతో పాటు, బిల్లు మొత్తాన్ని పై డాలరుకు సవరించి ఆ చిల్లరను సేవకు ఇవ్వడానికి సమ్మతి కోరుతూ ఒక కాగితం వచ్చిందన్నారు. సంఘం సిబ్బంది పిల్లలకు బొమ్మలూ పేద కుటుంబాలకు దుప్పట్లూ పంచుతున్న ఫోటోలు చూస్తే ఇదంతా మన బిల్లు డబ్బుతో చేసుకునే ప్రచారమేమో అనిపిస్తోందని, క్రిస్మస్ రోజున కరెంటు పోతే అసలు ఎవరైనా వస్తారా అని అడిగారు. ఆగ్నేయ రాష్ట్రాలలో ఒకదానిలో ఇటువంటి సంఘంలోనే నేను పదకొండేళ్లుగా సభ్యుణ్ణి. అందులో మూడేళ్లు మీరు చెప్పిన ఆ చిల్లర డబ్బును పంచే ట్రస్టు బోర్డులో పనిచేశాను. మీకు కలిగిన అనుమానమే నాకూ ఉండేది. లెక్కలు దగ్గరగా చూశాక కొంత పోయింది, కొంత ఇప్పటికీ ఉంది.

డిసెంబరులో సంఘం పేరు మీద కనబడే డబ్బంతా ఒకే పద్దులోది కాదు. పై డాలరుకు సవరించే పద్ధతిని ఆపరేషన్ రౌండ్ అప్ అంటారు. దక్షిణ కెరొలినాలోని పాల్మెట్టో ఎలక్ట్రిక్ కోఆపరేటివ్ 1989లో దీన్ని మొదలుపెట్టగా, తరువాత దేశంలోని అనేక సంఘాలు దాన్ని అనుసరించాయి. మీ బిల్లు 142 డాలర్ల 37 సెంట్లయితే మీరు 143 డాలర్లు కడతారు, ఎక్కువైన 63 సెంట్లు ట్రస్టు ఖాతాకు వెళతాయి. నెలకు 99 సెంట్లు మించే వీలు లేదు కనుక ఏడాదికి ఎంత ఎక్కువైనా 11 డాలర్ల 88 సెంట్లు, సగటున ఆరు డాలర్లు అవుతుంది. సాధారణంగా ఈ డబ్బు సంఘం ఆదాయంలో కలవదు. దానికి వేరే ఖాతా, వేరే బోర్డు ఉంటాయి. కొన్ని సంఘాలు సమ్మతించినవారినే చేర్చుకుంటాయి, మరికొన్ని వద్దని చెప్పనివారందరినీ చేర్చేస్తాయి. ఈ రెండో పద్ధతి నాకు నచ్చదు. అడగకుండా తీసుకుని, అక్కర్లేకపోతే మీరే ఫోను చేసి ఆపించుకోండి అనడం దానం అడిగే తీరు కాదు. మీకు సమ్మతి పత్రం పంపారంటే మీ సంఘం ఆ విషయంలో పద్ధతిగానే ఉన్నట్టు.

మా బోర్డులో తొమ్మిది మందిమి ఉండేవాళ్లం, ఎవరికీ జీతం లేదు. మిగతా నెలల్లో గంటన్నరలో ముగిసే సమావేశం నవంబరులో మాత్రం రాత్రి పదింటి దాకా సాగేది, ఎందుకంటే పండుగల ముందు, చలి మొదలయ్యే వేళకు, దరఖాస్తులు రెట్టింపయ్యేవి. పేర్లు తీసేసి అంకెలు వేసిన కాగితాలే మా ముందుకు వచ్చేవి, అయినా చిన్న ఊరు కదా, రెండు వాక్యాలు చదివేసరికి సగం సార్లు మనిషి ఎవరో తెలిసిపోయేది. తెలిసినట్టు ఎవరమూ పైకి కనబడనిచ్చేవాళ్లం కాదు. ఇల్లు కాలిపోయిన కుటుంబానికి మంచాలు, ఒంటరిగా ఉండే వృద్ధురాలి ఇంట్లో పాడైన హీట్ పంపుకు మరమ్మతు, చక్రాల కుర్చీ ఇంట్లోకి వెళ్లేందుకు చెక్క ర్యాంపు, బడి పిల్లలకు చలికోట్లు, ఇలాంటివి ఇచ్చాం. ఒక క్రీడా జట్టు యూనిఫారాలకు అడిగితే కాదన్నాం, దానికి ఊళ్లో కొందరు నాతో చాలాకాలం ముభావంగా ఉన్నారు.

బోర్డులో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది మాత్రం కరెంటు బిల్లుల బాకీల మీద. మా ట్రస్టు నిబంధనల ప్రకారం ఈ నిధితో ఎవరి కరెంటు బిల్లూ కట్టకూడదు. కొత్తగా చేరినప్పుడు ఇది నాకు వింతగా తోచింది. చలికాలంలో సభ్యుడికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ బిల్లు కట్టడమే కదా అనుకున్నాను. బోర్డులో అందరికంటే పెద్దావిడ, పదవీ విరమణ చేసిన బడి గుమాస్తా, లెక్క విడమరిచి చెప్పాక అర్థమైంది. సభ్యులు దానమిచ్చిన చిల్లరతో బాకీలు కడితే, ఆ డబ్బు తిరిగి సంఘం ఖాతాకే చేరుతుంది. అంటే దానం పేరిట సంఘం తన రాని బాకీలను సభ్యుల చేత పూడ్పించుకున్నట్టవుతుంది. మీ అనుమానంలోని అసలు ప్రమాదం ఇదే, దాన్ని ముందే ఊహించి ఎవరో ఆ నిబంధన రాసి ఉంచారు. బిల్లు కట్టలేనివారిని మేము లిహీప్ అనే సమాఖ్య ప్రభుత్వ పథకానికి దరఖాస్తు తీసుకునే స్థానిక కార్యాలయానికి పంపేవాళ్లం. తక్కువ ఆదాయం గల ఇళ్లకు వేడి, చల్లదనపు ఖర్చుల్లో సాయం చేసే పథకం అది. అన్ని సంఘాల ట్రస్టుల్లోనూ ఇదే నియమం ఉంటుందని అనుకోకండి, మీ ట్రస్టు ఉపవిధులు అడిగి చదవండి.

రెండో పద్దు, చాలా సంఘాలు సరిగ్గా డిసెంబరులోనే పంపే చెక్కు, లేదా బిల్లులో తగ్గింపు. నాకు మొదటిసారి 14 డాలర్ల తగ్గింపు కనబడినప్పుడు పండుగ కానుక అనుకుని సంతోషించాను. అది కానుక కాదు, నా డబ్బే. సంఘం లాభాల కోసం నడవదు. ఏడాది చివర ఖర్చులు పోగా మిగిలినదాన్ని ఎవరు ఎంత కరెంటు వాడారో ఆ నిష్పత్తిలో సభ్యుల పేర్ల మీద రాస్తారు. దీన్ని క్యాపిటల్ క్రెడిట్స్ అంటారు. రాసిన వెంటనే చేతికివ్వరు. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల కోసం ఆ డబ్బునే మూలధనంగా కొన్నేళ్లు, ఒక్కోచోట ఇరవై ఏళ్లు పైబడి, వాడుకుని, ఆర్థిక స్థితి అనుకూలిస్తే పాలకవర్గం తీర్మానించి పాత సంవత్సరాల వాటాలను తిరిగి ఇస్తుంది. దాన్ని పండుగ సమయంలో ఇవ్వడం మంచి ఆలోచనే గాని, శాంటా టోపీ బొమ్మ వేసిన కవరులో పెట్టి పంపేసరికి దాని స్వభావం మరుగున పడుతుంది. ఈ విషయంలో మా సంఘం మీద నా ఫిర్యాదు నేటికీ తీరలేదు.

ఇక మీరు ఫోటోల్లో చూసిన బొమ్మలు, దుప్పట్లు. మా దగ్గర సిబ్బంది తమ జేబుల్లోంచి పోగుచేసినవి కొన్ని, సభ్యులు కార్యాలయంలో పెట్టిన పెట్టెలో వేసినవి కొన్ని. లారీని రంగు దీపాలతో అలంకరించి ఊరేగింపులో నడిపిన ఖర్చు మాత్రం సంఘానిదే. ఇది నేను వార్షిక సభలో లేచి అడిగితే తెలిసింది. మేనేజరు గారు ఇబ్బంది పడలేదు, పద్దుతో సహా చెప్పారు. ఎంత కరెంటు వాడినా సభ్యుడికి ఒకటే ఓటు కనుక, కోళ్ల ఫారాల యజమానికీ మీకూ ఆ ప్రశ్న అడిగే హక్కు సమానం.

క్రిస్మస్ రోజున వస్తారా అంటే, వస్తారు. ఎప్పుడు వస్తారన్నదే తేలని విషయం. పల్లెల్లో ఇల్లిల్లూ ఎడం. ఈ సంఘాల జాతీయ గ్రామీణ విద్యుత్ సహకార సమాఖ్య లెక్కల ప్రకారం సంఘాల లైన్ల మీద మైలుకు సగటున ఎనిమిది కనెక్షన్లుంటే, వాటాదారుల కంపెనీల లైన్ల మీద 32 దాకా ఉంటాయి. లాభం లేదని కంపెనీలు పల్లెలకు తీగ లాగకపోవడం వల్లనే ఈ సంఘాలు పుట్టాయి. 1930ల మధ్య నాటికి పల్లె ఇళ్లలో పదింట తొమ్మిదింటికి కరెంటు లేదు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, 1936 చట్టంతో అప్పులిప్పించాకే రైతులు సంఘాలుగా చేరి స్తంభాలు నాటుకున్నారు. మన సిరిసిల్లలో 1970 నుంచి ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం వెనక కూడా ఈ అమెరికా సంఘాల సలహా ఉందని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను.

2022 డిసెంబరు 23, 24 తేదీల్లో ఎలియట్ అనే శీతల తుఫాను వచ్చినప్పుడు ఆగ్నేయంలో అనేకచోట్ల విద్యుత్ కేంద్రాల పరికరాలు గడ్డకట్టి, సహజవాయువు సరఫరా తగ్గి, విడతలవారీ కోతలు పెట్టవలసి వచ్చింది. మా సంఘం కరెంటు తయారుచేయదు, కొని పంచుతుంది. పైనుంచి లోడు తగ్గించమని ఆదేశం వస్తే ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైన్లను, వంతులవారీగా ఆపడం తప్ప దారి లేదు, ఆపేది మాత్రం మనకు తెలిసిన మనుషులే. పండుగ ముందురోజు ఉదయం వంట మధ్యలో కరెంటు పోయినవారందరూ వారినే తిట్టారు, వారిలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి వేరే కారణంగా, విరిగిన కొమ్మ పడి, మా వీధి లైను తెగింది. పదకొండు గంటలసేపు గడిచాక ఇద్దరు లైన్‌మెన్ వచ్చారు. ఒకతని కోటు కింద పండుగ స్వెట్టరు కనబడుతోంది, భోజనం బల్ల దగ్గరినుంచి లేచి వచ్చాడట. అంతసేపు ఎందుకు పట్టిందంటే, ముందు పెద్ద లైన్లు, తరువాత సబ్‌స్టేషన్, ఆపైన ప్రధాన ఫీడర్లు, ఆ తరువాతే నాలుగిళ్ల వీధి లైను. ఎక్కువ ఇళ్లకు వెలుగు వచ్చే పని ముందు చేస్తారు, అది న్యాయమే, చివరి ఇల్లు మనదైనా సరే.

అటువంటి రాత్రి మీ వంతు కొంత ఉంటుంది. సంఘం దగ్గర మీ ఫోను నంబరు సరిగా నమోదై ఉంటేనే ఏ స్తంభం కింద ఇల్లో వారికి వెంటనే తెలుస్తుంది. కరెంటు పోయిన వెంటనే హీటరు, గీజరు స్విచ్‌లు ఆపండి. వచ్చీరాగానే అన్ని ఇళ్లూ ఒక్కసారి లాగితే లైను మళ్లీ పడిపోతుంది. జనరేటరును గోడలోని ప్లగ్గుకు తగిలించవద్దు, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పోయి హెచ్చు వోల్టేజీతో తీగ మీద పనిచేసేవాడి ప్రాణం తీస్తుంది. దానికి ఇంటి తీగలను బయటి లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవాలి, యంత్రాన్ని ఇంటికి దూరంగా ఆరుబయట నడపాలి.

సమ్మతి పత్రం మీద నేనైతే సంతకం చేస్తాను, చేశాను కూడా. కాని అంతకు ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ట్రస్టు బోర్డును ఎవరు నియమిస్తారు, నిధిలోంచి కార్యాలయ ఖర్చులు తీసుకుంటారా, నిరుడు ఎవరికి ఎంత ఇచ్చారన్న నివేదిక ఎక్కడ దొరుకుతుంది. జవాబు తేలికగా రాకపోతే వార్షిక సభ దాకా ఆగి సభలోనే అడగండి. ఊరు మారేటప్పుడు కొత్త చిరునామా ఇవ్వడం మాత్రం మరచిపోవద్దు. ఇక్కడికి రాకముందు వేరే రాష్ట్రంలో రెండేళ్లు అద్దెకున్న ఇంటికి కూడా ఒక సంఘమే కరెంటు ఇచ్చేది. ఆ ఊరు విడిచిన తొమ్మిదేళ్లకు, ఒక డిసెంబరులో, వారి దగ్గరినుంచి నా పేరిట 38 డాలర్ల చెక్కు వచ్చింది.