లాగిన్ అయింది, ఫైలు నిండా ఎట్ గుర్తులే!

ప్రశ్న: సార్, హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో చేరి ఐదు నెలలైంది. క్లయింటు వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) నుంచి రోజూ రాత్రి ఒక ఫైలు మా లైనక్స్ సర్వర్‌కి తెచ్చుకునేలా ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే పద్ధతి) కనెక్షన్ పెట్టమన్నారు. మా సర్వర్ నుంచి లాగిన్ అవుతోంది కానీ, ఫైళ్ల లిస్టు అడిగితే కదలకుండా అక్కడే ఆగిపోతోంది. వేరే మెషీన్ నుంచి ప్రయత్నిస్తే డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైలుని అలా అంటారు) దొరకలేదంది. చివరికి మా సీనియర్ బైనరీలో తెచ్చిచ్చిన ఫైలు తెరిస్తే, నిండా ఈమెయిల్ అడ్రసులో ఉండే ఎట్ గుర్తులు! అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు ఇవేవీ చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందు ఆ ఎట్ గుర్తుల సంగతి చూద్దామమ్మా. మీరు భయపడుతున్నది దాన్ని చూసే, నిజానికి అది మంచి కబురు. ఫైలు చెక్కుచెదరకుండా వచ్చింది. మెయిన్‌ఫ్రేమ్ రాసుకునే లిపి ఎబ్సిడిక్, మీ లైనక్స్ చదివేది ఆస్కీ. ఎబ్సిడిక్‌లో ఖాళీ స్థలానికి హెక్సా (పదహారు ఆధారంగా లెక్కించే) కోడు 40. ఆస్కీలో అదే 40 ఎట్ గుర్తు. పేరు, అడ్రసు లాంటి గడుల చివర ఖాళీలు బోలెడుంటాయి కాబట్టి మీకు అన్ని ఎట్‌లు కనబడ్డాయి. బైనరీ అంటే ‘ఉన్నది ఉన్నట్టు పంపు, అనువాదం చేయకు’ అని. మీ సీనియర్ అడిగినట్టే అది పంపింది, పాపం.

అయితే అనువాదం చేసే ఆస్కీ మోడ్ పెట్టేస్తే సరిపోతుందా? అక్కడే ఆగండి. క్లయింటు టీమ్‌ని ఆ ఫైలు కాపీబుక్ (ఏ గడి ఎక్కడ, ఏ రకమో చెప్పే పట్టిక) అడగండి. గడులన్నీ మామూలు అక్షరాలూ అంకెలూ అయితే ఆస్కీలో నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ఒక్కచోట కాంప్-3 (అంకెల్ని కుదించి దాచే పద్ధతి) అని కనబడినా వద్దు. కాంప్-3లో 12345 అనే మొత్తం మూడే బైట్లలో ఇరుక్కుని కూర్చుంటుంది: 12, 34, 5సి. చివరి సి ప్లస్ గుర్తు. ఆస్కీ మోడ్‌కి ఇది అంకె అని తెలియదు. ఎబ్సిడిక్‌లో 5సి అంటే నక్షత్రం గుర్తు కదా అని, దాన్ని ఆస్కీ నక్షత్రం 2ఎగా మార్చేస్తుంది. మీ 5 కాస్తా 2 అయిపోయింది! ఎఫ్‌టీపీ మాత్రం తప్పేమీ జరగలేదన్నట్టు ‘పని పూర్తయింది’ అనే 250 కోడు చూపించి ఊరుకుంటుంది. అలాంటి ఫైలుని బైనరీలో తెచ్చి, కాపీబుక్ ప్రకారం మీ వైపే విప్పుకోవాలి. నన్నడిగితే, అన్ని గడులనూ చదవగలిగే అంకెలుగా మార్చే స్టెప్ ఒకటి వాళ్ల జాబ్‌లోనే పెట్టమనండి. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు రాసే కోబాల్ భాష తెలిసినవాళ్లకు అది పెద్ద పనేం కాదు.

ఇంకొకటి. ఆస్కీలో తెచ్చినప్పుడు రికార్డు (ఫైలులో ఒక్కో వరుస) చివరి ఖాళీలను మెయిన్‌ఫ్రేమ్ మామూలుగా కత్తిరించి పంపుతుంది. మీ ప్రోగ్రాం ప్రతి లైనూ ఒకే పొడవుంటుందని నమ్ముకుంటే పడిపోతుంది. సర్వర్‌కి సెట్టింగులు చెప్పే సైట్ కమాండ్‌తో ట్రైలింగ్‌బ్లాంక్స్ అని అడిగితే ఆ ఖాళీలు ఉంచుతుంది.

డేటాసెట్ దొరకకపోవడానికి కారణం తొంభై పాళ్లు కొటేషన్లే. పేరు అటూ ఇటూ సింగిల్ కొటేషన్లు పెట్టకపోతే, ఆ పేరుకి ముందు మీ యూజర్ ఐడి తగిలించి వెతుకుతుంది. లేనిదాన్ని ఎక్కడ నుంచి తెస్తుంది?

లిస్టు దగ్గర ఆగిపోవడం మెయిన్‌ఫ్రేమ్ తప్పు కాదు, ఫైర్‌వాల్ పని. ఎఫ్‌టీపీకి రెండు దారులు. లాగిన్, కమాండ్లు 21వ పోర్టు (సర్వర్‌కి నంబరున్న ద్వారం లాంటిది) మీద నడుస్తాయి. లిస్టయినా ఫైలయినా ఇంకో పోర్టు మీద వస్తుంది. పాసివ్ మోడ్‌లో ఆ పోర్టు నంబరు సర్వరే అప్పటికప్పుడు చెబుతుంది. మీవాళ్లు 21 మాత్రమే తెరిచి ఉంటారు. పాసివ్ పోర్టుల రేంజ్ ఏమిటో క్లయింటు వైపు అడిగి, ఆ రేంజ్ కూడా తెరిపించండి. టీఎల్‌ఎస్ (సంభాషణని గుప్తలిపిలోకి మార్చే రక్షణ) పెట్టాక ఇది మరీ అవసరం. సంభాషణ గుప్తంగా సాగుతుంది కాబట్టి మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఆ నంబరు విని తనంతట తాను దారివ్వలేదు. టీఎల్‌ఎస్ మాత్రం పెట్టించుకోండి. ఉత్త ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే.

రేపు మీ నుంచి అటు పంపే పని కూడా వస్తుంది. అందుకే నా తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) హడావుడి రోజుల్లో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. పీసీ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కి పేర్ల జాబితా ఒకటి పంపాలి. అక్కడి డేటాసెట్ రికార్డు పొడవు 80. పంచ్ కార్డుకి 80 నిలువు వరుసలుండేవి, ఆ అలవాటు ఇంకా పోలేదు. నా లైన్లలో కొన్ని అంతకంటే పొడవు. సికింద్రాబాద్ వెళ్లే చివరి బస్సు పోతుందన్న కంగారులో స్క్రీన్ మీద 250 చూసి లేచిపోయాను. దాని పక్కనే డేటా కత్తిరించామని కూడా ఉంది. చదవలేదు. రెండు రోజుల తర్వాత ఎవరో ఫోన్ చేసి, ఇంటిపేరు ముందుంది, అసలు పేరు సగమే ఉందేమిటని అడిగారు. ఆ జాబితా మళ్లీ పంపి, ఒక్కొక్క పేరూ పోల్చి చూసేసరికి తెల్లారింది. పంపే ముందు సైట్ కమాండ్‌లో రెక్‌ఎఫ్‌ఎం (రికార్డు రకం), ఎల్‌రెక్‌ఎల్ (రికార్డు పొడవు) సరిపడా చెప్పి, కొత్త డేటాసెట్‌లోకి పంపి ఉంటే ఆ బాధ తప్పేది.

స్క్రిప్టు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. లాగిన్ విఫలమైతే (530 వస్తుంది) వెంటవెంటనే మళ్లీ ప్రయత్నించేలా రాయకండి. పాస్‌వర్డ్ గడువు తీరిన రోజున అది నాలుగైదుసార్లు తలుపు కొట్టి, మీ ఐడిని రివోక్ చేయించేస్తుంది, అంటే పనిచేయకుండా ఆపించేస్తుంది. అదీ ఆదివారం రాత్రే జరుగుతుంది.