కుక్కపిల్లకూ 'అమ్మిన సరుకు వాపసు లేదు' వర్తిస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకు మలక్‌పేటలోని ఒక దుకాణంలో లాబ్రడార్ పిల్లను రూ.18,000కు కొన్నాం. డబ్బు యూపీఐలో చెల్లించాం. రసీదు మీద 'వయసు 45 రోజులు, అమ్మిన పిల్ల వాపసు తీసుకోబడదు' అని ఉంది. మూడో రోజే వాంతులు, రక్త విరేచనాలు మొదలయ్యాయి. పరీక్షలో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ రోగం) అని తేలింది. వైద్యానికి రూ.14,600 అయింది. ఆరో రోజు పిల్ల చనిపోయింది. దుకాణదారు డబ్బు ఇవ్వనంటున్నారు, కావాలంటే ఇంకో పిల్లను తీసుకెళ్లమంటున్నారు. ఏం చేయాలి? - ఒక తల్లి, అంబర్‌పేట

జవాబు: ఇంకో పిల్లను ఇప్పుడే తెచ్చుకోకండి. చట్టం మాట తర్వాత. పార్వో వైరస్ ఇంటి నేల మీద, పెరట్లో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి తెస్తే మీ అమ్మాయి ఇదే ఏడుపు మళ్లీ ఏడవాల్సి రావచ్చు. పైగా 'బదులు ఇచ్చాను, లెక్క తీరింది' అని కాగితం మీద మీ సంతకం తీసుకుంటే మీ క్లెయిము అక్కడితో సరి.

ఇక రసీదు. అది తనకు రక్షణ అని దుకాణదారు అనుకుంటున్నారు. నాకు మాత్రం అదే మీ మొదటి సాక్ష్యంగా కనిపిస్తోంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే 56 రోజులు. 45 రోజులని రాసిచ్చింది ఎవరు? నగరంలో '45 రోజుల పిల్లలు' అనే ప్రకటనలు చూసి చూసి అదే సరైన వయసని చాలామంది నమ్ముతారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా బలం ఇంకా అందని రోజులవి. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం ఆ దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. దాని నంబరు చెప్పమని మీరు దుకాణదారుకు పంపే నోటీసులోనే అడగండి.

'వాపసు తీసుకోబడదు' అన్న వాక్యాన్ని చూసి జంకకండి. చట్టం దృష్టిలో కుక్కపిల్ల కూడా చరాస్తే, అంటే సరుకే. వినడానికి కష్టంగా ఉన్నా ఇక్కడ అది మీకే లాభం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి.

దుకాణదారు అసలు వాదన వేరే ఉంటుంది: 'రోగం మీ ఇంట్లోనే అంటుకుంది.' కేసు తేలేది ఇక్కడే. పార్వో సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మీకు మూడో రోజే బయటపడ్డాయి కాబట్టి దుకాణంలోనే సోకి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాటను నా నోట కంటే పశువైద్యుడి లేఖలో చూపడం మేలు. పరీక్ష రిపోర్టు, బిల్లులు, యూపీఐ వివరాలు, వాట్సాప్ సంభాషణ అన్నీ భద్రపరచండి. ఆ సంభాషణను ఫోనులోంచి చెరిపేయకండి. టీకా కార్డు ఇచ్చి ఉంటే దాని మీద టీకా సీసా లేబుల్, వైద్యుడి సంతకం ఉన్నాయేమో చూడండి.

ఎంత అడగాలి? ధర, వైద్యం కలిపి రూ.32,600, దానిపై వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు మరికొంత. లక్షలు అడగమనేవారు దొరుకుతారు, వినకండి. పాప దుఃఖం నిజమే కానీ, వినియోగదారుల కమిషన్ రుజువైన మొత్తాల వైపే ముందు చూస్తుంది.

ముందు రిజిస్ట్రేషన్ సదుపాయమున్న స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే చోటి కమిషన్ చాలు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. న్యాయవాది తప్పనిసరి కాదు. నిజానికి ఈ మొత్తానికి మాలో ఒకరిని పెట్టుకుంటే మిగిలేది తక్కువ. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ దుకాణదారుతో మాట్లాడించే ప్రయత్నం కూడా చేస్తుంది.

నోటీసు అందగానే 'ధర వరకు ఇస్తాను' అని ఆయన రావచ్చు. వైద్యం బిల్లులు కలిపితేనే ఒప్పుకోండి. కలిపి ఇస్తానంటే మాత్రం సాగదీయకండి.