గుడికి వచ్చేవారు, గుడి చుట్టూ బతికేవారు

ప్రశ్న: మాది శ్రీముఖలింగం. మా ఊరిని పర్యాటక కేంద్రం చేయాలన్న మాట తరచూ వినిపిస్తోంది. డిగ్రీ చదివిన మా మరిది, అతని స్నేహితులు ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. మా మామగారు మాత్రం ‘గుడి వల్ల ఊరికి పేరొచ్చింది గానీ, మన స్థలంలో మనం ఓ గది కట్టుకోలేకపోయాం’ అంటారు. స్థానికులకు అవగాహన లేకనే ఇలా వ్యతిరేకిస్తారని కొందరు చెబుతున్నారు. నిజమేనా?
— ఒక గృహిణి, జలుమూరు మండలం

జవాబు: నిజం కాదు. మీ మామగారిది అనుభవంతో చెప్పిన మాట. ప్రాచీన కట్టడాల పరిరక్షణకు 1958లో వచ్చిన చట్టాన్ని 2010లో సవరించినప్పటి నుంచి, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలపై నిషేధం ఉంది; ఆపైన మరో 200 మీటర్ల వరకు ఏది కట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి సైతం దరఖాస్తు పెట్టుకోవలసిందే. తూర్పు గాంగుల కాలం నాటి శిల్పసంపద మనకు దక్కాలంటే ఈ నియమం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ భారమంతా గుడి పక్కింటివారే మోస్తున్నారని, దూరం నుంచి వచ్చి చూసి వెళ్లేవారికి అందులో ఏ భాగమూ లేదని ఒప్పుకోకుండా వారికి అవగాహన పాఠాలు చెప్పబోవడం అన్యాయం.

పర్యాటకులపై స్థానికుల వైఖరి ఎలా మారుతుందో 1975లో డాక్సీ అనే పరిశోధకుడు నాలుగు దశలుగా వివరించాడు. తొలుత ఉత్సాహం, తరువాత పట్టనితనం, ఆపైన చిరాకు, చివరకు వైరం. ప్రతి ఊరూ ఈ మెట్లన్నీ ఎక్కి తీరాలని లేదు, ఒకే ఇంట్లో రెండు దశలు పక్కపక్కనే ఉండవచ్చు కూడా. మీ మరిదికి రాబోయే ఉపాధి కనిపిస్తోంది, మీ మామగారికి ఇప్పటికే పోయినది కనిపిస్తోంది. ఇద్దరి మాటా సబబే.

శివరాత్రి తరువాత వంశధారలో చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం తరలివచ్చే రోజును తలచుకోండి. ఆ రద్దీని మీ ఊరు తరతరాలుగా భరిస్తోందంటే, అది తమ దేవుడి పండుగ, వచ్చినవారు తమ అతిథులు అన్న భావమే కారణం. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలోనూ అంతే. ఏటా వచ్చి చెట్లపై గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఆ గ్రామస్థులు శుభసూచకంగా భావించి, ఎవరూ చెప్పకుండానే కాపాడుకుంటూ వచ్చారు. చూడవచ్చేవారి సందడి ఆ తరువాతి సంగతి. ఊరివారు తమదిగా భావించినదే నిలుస్తుంది గనుక, సుస్థిర సాంస్కృతిక పర్యాటకానికి పునాది అక్కడే పడాలి.

కాబట్టి ప్రణాళిక ఏదైనా ముందు గ్రామసభలో చర్చకు పెట్టమని అడగండి. వాహనాలు ఎక్కడ ఆపుతారు, మరుగుదొడ్లను రోజూ ఎవరు శుభ్రం చేస్తారు, పార్కింగ్ రుసుము పంచాయతీకి చేరుతుందా, దుకాణాల వేలంలో ఊరివారికి ముందు అవకాశం ఇస్తారా, నిషిద్ధ పరిధిలోని ఇళ్లవారికి మరమ్మతు దరఖాస్తులు నింపడంలో సాయం చేసేదెవరు అన్న ప్రశ్నలకు జవాబులు తీర్మానంలో నమోదు కావాలి. ఆ సభకు మీరు, ఇరుగుపొరుగు మహిళలు తప్పక వెళ్లండి. జాతరనాడు ఇంటి ముందు పోగయ్యే చెత్త ఊడ్చేది, నీళ్లకు ఇబ్బంది పడేది ఎక్కువగా మీరే గనుక, ఆ లెక్క మీకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

ప్రశ్న: మా పాఠశాల విద్యార్థులను పొందూరు తీసుకువెళ్లి నూలు వడకడం చూపించాలనుకుంటున్నాను. అక్కడివారికి ఇబ్బంది కలుగుతుందా?
— ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: చెప్పకుండా వెళితే కలుగుతుంది. వాలుగ చేప దవడ ఎముకకున్న సన్నని పళ్లతో పత్తిని దువ్వుతున్న మహిళ చేయి ఒక్క క్షణం ఆగినా ఆమె కూలికి ఆ మేరకు గండి పడుతుంది, ఎందుకంటే ఆమెకు డబ్బు వచ్చేది వడికిన నూలును బట్టే. ముందుగా ఖాదీ సంఘంవారితో మాట్లాడి రోజు కుదుర్చుకోండి. పిల్లలను చిన్న జట్లుగా పంపండి, వివరించి చూపినవారికి వారి సమయానికి తగిన డబ్బు చేతికివ్వండి, ఫోటో వద్దన్న చోట కెమెరా తీయకండి.